ముందు తెలుగులో చెప్పండి, ఇంగ్లీషు సంగతి తర్వాత

(కరీంనగర్ ప్రాంతంలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఫైనల్ ఇయర్ విద్యార్థులతో మాట్లాడిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనకవాళ్ళకు వినపడుతోందా? ముందు వరుసలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి అమ్మా, ఎవరినీ నిలబెట్టి ప్రశ్నలు అడగను.

నేను హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తాను. ఫ్రెషర్లను ఇంటర్వ్యూ చేయడం కూడా నా పనిలో భాగం. టేబుల్‌కు అటువైపు కూర్చుని చూస్తే ఏం కనిపిస్తుందో మీకు చెప్దామనే వచ్చాను. ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలి, ఏ రంగు చొక్కా వేసుకోవాలి, షేక్‌హ్యాండ్ ఎలా ఇవ్వాలి, ఇవన్నీ మీకు ఇప్పటికే ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. ఉతికి ఇస్త్రీ చేసిన బట్టలు వేసుకుని టైముకు వస్తే చాలు, వాటి గురించి ఇంతకంటే మాట్లాడను.

మన జిల్లాల పిల్లలు ఇంటర్వ్యూకి వచ్చి కూర్చోగానే ముందు చెప్పే మాట, "మేడమ్, తెలుగు మీడియం, ఇంగ్లీషు అంత రాదు." అప్పుడు నేను, "సరే, తెలుగులోనే చెప్పు, నీ ప్రాజెక్టు ఏంటి, అందులో నువ్వేం చేశావు" అని అడుగుతాను. చాలామంది అక్కడ కూడా ఆగిపోతారు. ప్రాజెక్టు పేరు చెప్తారు, అందులో వాడిన టెక్నాలజీల పేర్లు వరసగా చెప్తారు, ఆ తర్వాత మాట రాదు. ఇంగ్లీషు అడ్డం వచ్చిందని ఇంటికెళ్ళి బాధపడతారు, స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సుకు డబ్బు కడతారు, మూడు నెలల తర్వాత మళ్ళీ ఇంటర్వ్యూకి వెళ్తారు, మళ్ళీ అదే చోట ఆగిపోతారు. నాకు చాలా బాధ కలిగించేది ఇదే. ఎందుకంటే ఆ పిల్లల్లో తెలివికి లోటు లేదు, నాలుగేళ్ళు కష్టపడి చదివినవాళ్ళే. తాము చేసిన పని గురించి తామే ఒక్కసారైనా కూర్చుని ఆలోచించుకోలేదు, అంతే. చెప్పాల్సింది ఏమిటో లోపల తయారు కాకపోతే అది ఏ భాషలోనూ బయటికి రాదు.

కాబట్టి ఇవాళ నేను మీకు చెప్పేది ఒకటే. మీ ప్రాజెక్టును, మీ రెజ్యూమెలో ఉన్న ప్రతి లైనునూ ముందు తెలుగులో చెప్పడం నేర్చుకోండి. ఇంట్లో అమ్మకు చెప్పండి, ఇంటర్ చదివే తమ్ముడికి చెప్పండి. వాళ్ళు మధ్యలో "అదేంటి?" అని అడుగుతారు చూశారా, ఆ ప్రశ్నలే ఇంటర్వ్యూలో మేము అడిగేవి కూడా.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఈ హాల్లో ఫేస్ రికగ్నిషన్ అటెండెన్స్ సిస్టమ్ ప్రాజెక్టు చేసినవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. చూశారా, ప్రతి కాలేజీలోనూ ఇంతే. తప్పేం లేదు. ఇప్పుడు మీ అమ్మ అడిగే ప్రశ్నలు ఊహించుకోండి. కెమెరా ముందు నిలబడితే అది ఫలానా పిల్లాడని దానికి ఎట్లా తెలుస్తుంది? ముందే ఫోటోలు పెట్టాం. ఒక్కొక్కరివి ఎన్ని పెట్టారు? క్లాసులో లైటు సరిగ్గా లేకపోతే? మాస్క్ పెట్టుకుంటే? కవలలు ఉంటే? వేరేవాడి ఫోటో ఫోన్‌లో చూపిస్తే హాజరు పడిపోతుందా? హాజరు పడ్డాక ఆ లెక్క ఎక్కడ దాస్తున్నారు? మీరు నలుగురు చేశారు కదా, అందులో నీ వంతు పని ఏది? వీటిలో సగం ప్రశ్నలకు తడబడకుండా తెలుగులో జవాబు చెప్పగలిగితే, ఆ ప్రాజెక్టు నిజంగా మీదే. "ఫోటో చూపిస్తే మా సిస్టమ్ మోసపోతుంది మేడమ్, దాన్ని ఆపాలంటే కన్ను ఆర్పడం గమనించేలా చేయాలి, మాకు టైము సరిపోలేదు" అని ఎవరైనా చెప్తే నేను చాలా సంతోషపడతాను. తన పనిలో ఎక్కడ లోటుందో తెలిసినవాళ్ళకు పని తెలిసినట్టే.

ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పాలి, మీకు ఇబ్బందిగా ఉన్నా వినండి. ప్రాజెక్టులు అమీర్‌పేటలో కొనుక్కొస్తారన్న సంగతి ఇంటర్వ్యూ చేసే ప్రతి ఒక్కరికీ తెలుసు. మైత్రీవనం దగ్గర బోర్డులు మేమూ చూస్తాం. కొనొద్దని నేను చెప్పినా ఇప్పటికే కొన్నవాళ్ళకు ఉపయోగం లేదు. అట్లా తెచ్చుకున్నవాళ్ళు చేయాల్సింది ఒకటుంది. ఆ కోడ్ మొత్తం ఓపెన్ చేసి లైను లైనుగా చదవండి, ఏ ఫైల్ ఏం చేస్తుందో ఒక నోట్‌బుక్‌లో తెలుగులో రాసుకోండి, తర్వాత అందులో ఒక్కటంటే ఒక్క మార్పు మీ అంతట మీరు చేయండి. ఒక కొత్త రిపోర్టు వచ్చేలా చేయండి, ఒక కొత్త కాలమ్ కలపండి, ఏదైనా సరే. ఆ ఒక్క మార్పు చేసేటప్పుడు ఎన్ని ఎర్రర్లు వస్తాయో, వాటిని ఎలా దాటారో, ఇంటర్వ్యూలో చెప్పుకోడానికి అదే మీ సొంత కథ అవుతుంది.

ఒక అమ్మాయి గుర్తొస్తోంది. మార్కులు మామూలే. వాళ్ళ నాన్నకు ఊళ్ళో కిరాణా కొట్టు ఉంది, ఉద్దెర ఖాతా పుస్తకం చినిగిపోతోందని ఒక చిన్న ప్రోగ్రామ్ రాసింది. ఎవరు ఎంత తీసుకున్నారు, ఎంత కట్టారు, మిగిలింది ఎంత, అంతే. నేను అడిగాను, ఒకే పేరుతో ఇద్దరుంటే ఏం చేశావని. "మా ఊళ్ళో ఒకే పేరుతో చాలామంది ఉన్నారు మేడమ్, మొదట పేరు మీదే పెట్టాను, లెక్కలు కలిసిపోయి నాన్న కోప్పడ్డాడు, అప్పుడు ఫోన్ నంబరు పెట్టాను, కొందరికి ఫోన్ లేదు, అందుకే చివరికి ఒక్కొక్కరికి ఒక నంబరు ఇచ్చాను" అంది. ప్రైమరీ కీ (డేటాబేస్‌లో ఒక్కో మనిషి లెక్కను వేరుగా గుర్తుపట్టే నంబరు) అంటే ఏంటని నేను ఇక వేరే అడగక్కర్లేకపోయింది. ఆ అమ్మాయి ఇంగ్లీషు చాలా మామూలు ఇంగ్లీషు, చిన్న చిన్న వాక్యాలు, మధ్యలో తెలుగు. ఉద్యోగం వచ్చింది.

ఇంగ్లీషు అక్కర్లేదని నేను అనడం లేదు, కావాలి, ఉద్యోగంలో మెయిల్స్ రాయాలి, వేరే రాష్ట్రాలవాళ్ళతో, వేరే దేశాలవాళ్ళతో కాల్స్‌లో మాట్లాడాలి. అయితే దానికి వరస ఒకటుంది. తెలుగులో బాగా చెప్పగలిగాక, దాన్ని చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలుగా రాసుకోండి, ఒక వాక్యంలో ఒకటే విషయం. పెద్ద పెద్ద మాటలు వద్దు. రాసింది బట్టీ పట్టొద్దు, ఫోన్‌లో రికార్డ్ చేసుకుని వినండి. మొదటిసారి మీ గొంతు మీకే నచ్చదు, అందరికీ అంతే, వినగా వినగా అలవాటైపోతుంది. ఎక్కడ ఆగుతున్నారో అక్కడ గమనించండి. మాట గుర్తురాక ఆగుతున్నారా, విషయం తెలియక ఆగుతున్నారా? రెండింటికీ మందు వేరు.

సెల్ఫ్ ఇంట్రడక్షన్ గురించి కూడా ఇదే చెప్తాను. "మైసెల్ఫ్ ఫలానా, మా నాన్నగారు వ్యవసాయం, మా అమ్మగారు గృహిణి, నా హాబీస్ క్రికెట్ ఆడటం, పాటలు వినడం." ఇది మీ సీనియర్లకు వాళ్ళ సీనియర్లు ఇచ్చింది, వాళ్ళు మీకిచ్చారు. మీ నాన్న వ్యవసాయం చేస్తే అది గర్వంగా చెప్పుకోవాల్సిందే, కాని ఆ మొదటి రెండు నిమిషాలు మీ చేతిలో ఉన్న టైము, తర్వాత ప్రశ్నలు మా చేతిలోకి వస్తాయి. ఆ రెండు నిమిషాల్లో ఏం చదివారు, అందులో మీకు నిజంగా ఇష్టమైన సబ్జెక్టు ఏది, దాంతో ఏం చేశారు, ఈ ఉద్యోగం దానికి ఎట్లా కలుస్తుంది, ఈ నాలుగూ చెప్పండి. మీరు ఏ మాట దగ్గర ఆపితే మేము సాధారణంగా అక్కడి నుంచే మొదటి ప్రశ్న అడుగుతాం. కాబట్టి మీకు బాగా తెలిసిన దాని దగ్గర ఆపండి.

ఇప్పుడు రెజ్యూమె. ఫ్రెషర్‌కు ఒక పేజీ చాలు. తండ్రి పేరు, మతం, పెళ్ళయిందా లేదా, ఆధార్ నంబరు, ఇవేవీ రాయొద్దు, ఆధార్ నంబరు రాసి ఆ కాగితం ఎక్కడెక్కడికో పంపడం ప్రమాదం కూడా. చివర్లో "పైన రాసినవన్నీ నిజమని ప్రమాణం చేస్తున్నాను" అనే ఆ పాత డిక్లరేషన్ కూడా అక్కర్లేదు. పెద్ద కంపెనీల్లో మీ రెజ్యూమెను మనిషి చూసే ముందు ఒక సాఫ్ట్‌వేర్ చదువుతుంది, దాన్ని ఏటీఎస్ అంటారు. రెండు కాలమ్స్, బాక్సులు, బొమ్మలు, నక్షత్రాలతో మార్కులు వేసుకున్న స్కిల్స్, ఇవి ఉంటే చాలాసార్లు అది సరిగ్గా చదవలేదు. సాదాగా, పైనుంచి కిందికి, మామూలు ఫాంట్‌లో పీడీఎఫ్ చేయండి. ఉద్యోగ ప్రకటనలో ఉన్న మాటలు, మీకు నిజంగా వచ్చినవైతే, అవే మాటలతో మీ రెజ్యూమెలో ఉండాలి. వాళ్ళు ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ నుంచి వివరాలు తీసే భాష) అని రాస్తే మీరు డేటాబేస్ అని మాత్రం రాసి ఊరుకోవద్దు.

అన్నిటికంటే ముఖ్యం, రాని దాన్ని రాయకండి. జావా, పైథాన్, సీ ప్లస్ ప్లస్, మెషిన్ లెర్నింగ్, క్లౌడ్, డెవాప్స్, అన్నీ ఒకే లైనులో ఉంటాయి. ఒక్కొక్క మాట మీద అయిదు నిమిషాలు మాట్లాడగలరా? మాట్లాడలేని మాటను ఇవాళే కొట్టేయండి. మూడు మాటలు మిగిలినా పర్వాలేదు. ఆ మూడింటిలో మిమ్మల్ని ఎంత లోతుకు తీసుకెళ్ళినా నిలబడాలి.

టెక్నికల్ రౌండ్‌లో అడిగేవి మీరు అనుకున్నంత విచిత్రమైనవి ఉండవు. జావా అని రాస్తే రెండు స్ట్రింగ్స్‌ను డబుల్ ఈక్వల్స్‌తో పోల్చడానికీ ఈక్వల్స్ మెథడ్‌తో పోల్చడానికీ తేడా ఏంటని అడుగుతాం. ఎస్‌క్యూఎల్ అని రాస్తే ఎంప్లాయీ టేబుల్‌లో రెండో అత్యధిక జీతం తీయమంటాం, ఏళ్ళ తరబడి అడుగుతున్న ప్రశ్న అది, అయినా జవాబు బట్టీ పట్టి వచ్చినవాళ్ళు "ఇద్దరికి ఒకే జీతం ఉంటే?" అనగానే తేలిపోతారు. మెకానికల్ అయితే ఇంజిన్లలో ఒట్టో సైకిల్‌కీ డీజిల్ సైకిల్‌కీ తేడా, సివిల్ అయితే సిమెంట్ సెట్ అవడానికి ఎంత టైము పడుతుంది, కాంక్రీటు క్యూబులు 28 రోజుల తర్వాత ఎందుకు పరీక్షిస్తారు. అన్నీ మీ పుస్తకాల్లో ఉన్నవే. ఒక్కో సబ్జెక్టులో ఇలాంటి ముఖ్యమైన విషయాలు ఇరవై ముప్ఫై దాకా ఉంటాయి. వాటిని ఎందుకు, ఎలా అని అడుగుతూ చదివితే మొత్తం పుస్తకం పట్టు వస్తుంది.

జవాబు తెలియకపోతే ఏం చేయాలి? తెలియదని చెప్పండి. కాని అక్కడ ఆగకండి. "ఇది నాకు తెలియదు మేడమ్, కాని దీనికి దగ్గరగా ఫలానాది తెలుసు, దాన్ని బట్టి ఇలా ఉండొచ్చనుకుంటున్నాను" అనండి. లెక్క ఇస్తే నోరు మూసుకుని పది నిమిషాలు కాగితం మీద గీయొద్దు, మనసులో అనుకుంటున్నది బయటికి చెప్తూ చేయండి. దారి సరైనదైతే చివర్లో చిన్న తప్పు వచ్చినా మేము పట్టించుకోం, తప్పు దారిలో వెళ్తుంటే ఒక చిన్న సూచన ఇస్తాం. ఆ సూచన అందుకుని మళ్ళీ ఆలోచించేవాళ్ళ కోసమే చూస్తుంటాం, ఎందుకంటే ఉద్యోగంలో చేరాక రోజూ జరిగేది అదే.

వీడియో ఇంటర్వ్యూలు ఇప్పుడు ఎక్కువయ్యాయి. ఊళ్ళో సిగ్నల్ బాగుండే చోటు ముందురోజే చూసుకోండి, ముఖం మీద వెలుతురు పడేలా కూర్చోండి, ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పండి. ఇక్కడ ఒక హెచ్చరిక. పక్కన ఎవరినో కూర్చోబెట్టుకుని వాళ్ళు చెప్తుంటే పెదాలు కదపడం, ఇంకో స్క్రీన్‌లో ఏఐ ఇచ్చిన జవాబు చదవడం, ఇవన్నీ మాకు తెలిసిపోతాయి. కళ్ళు ఎక్కడ కదులుతున్నాయో కనిపిస్తుంది, ప్రతి ప్రశ్నకూ ఒకే లెక్కగా ఆలస్యం వస్తుంది, "అట్లా ఎందుకు?" అని ఒక్క ఎదురు ప్రశ్న వేస్తే మాట తడబడుతుంది. ఏఐని ఇంటర్వ్యూకి ముందు వాడుకోండి, బ్రహ్మాండంగా పనికొస్తుంది. మీ ప్రాజెక్టు వివరం ఇచ్చి "దీని మీద ఇరవై కష్టమైన ప్రశ్నలు అడుగు" అనండి, తెలుగులోనే అడగమన్నా అడుగుతుంది.

ఉద్యోగాలు ఎక్కడ వెతకాలి అన్న దగ్గర చాలామంది క్యాంపస్‌కు కంపెనీ రావాలని ఎదురుచూస్తూ కూర్చుంటారు. క్యాంపస్‌కు అన్ని కంపెనీలూ రావు, అందులోనూ జిల్లాల్లో ఉన్న కాలేజీలకు. నౌకరీ, లింక్డిన్ మీకు తెలిసినవే. కంపెనీల సొంత వెబ్‌సైట్లలో కెరీర్స్ పేజీ ఉంటుంది, అక్కడ నేరుగా అప్లై చేయండి. టీసీఎస్ వాళ్ళ ఎన్‌క్యూటీ (నేషనల్ క్వాలిఫయర్ టెస్ట్) లాంటి పరీక్షలు కాలేజీతో సంబంధం లేకుండా రాయొచ్చు. తెలంగాణలో నైపుణ్యాల శిక్షణ ఇచ్చే టాస్క్ ఉంది, ఏపీలో స్కిల్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ ఉంది, మన రాష్ట్ర ప్రభుత్వానిదే డీట్ అని డిజిటల్ ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్చేంజ్ కూడా ఉంది, వాటిలో పేరు నమోదు చేసుకోవడానికి ఎంతో టైము పట్టదు.

మెకానికల్, సివిల్, ఈఈఈ వాళ్ళు ఇక్కడ కూర్చుని "మాకేం లేవు" అనుకుంటున్నారు, ముఖాల్లో కనిపిస్తోంది. అందరూ సాఫ్ట్‌వేర్‌కే రావాలని లేదు. హైదరాబాద్ వైపు పాశమైలారం, జీడిమెట్ల పారిశ్రామికవాడలు, తిరుపతి జిల్లాలో శ్రీసిటీ, పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ, దాని చుట్టూ విడిభాగాల ఫ్యాక్టరీలు, ఇలాంటి చోట్ల ట్రైనీలను తీసుకుంటుంటారు. అప్రెంటిస్ శిక్షణ కోసం ఎన్ఏటీఎస్ అనే ప్రభుత్వ పోర్టల్ చూడండి. 1961 నాటి అప్రెంటిసెస్ చట్టం కింద గ్రాడ్యుయేట్లకూ డిప్లొమా వాళ్ళకూ ఒక ఏడాది స్టైపెండ్‌తో శిక్షణ ఇస్తారు. డబ్బు తక్కువే, నిజమే, కాని ఏడాది పాటు మెషీన్ల మధ్య నిలబడినవాళ్ళు మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది. చదువు మాత్రమే ఉన్నవాళ్ళకు దొరకని ఉదాహరణలు వాళ్ళకు రోజూ దొరుకుతాయి.

రిఫరల్స్ అడగండి, సిగ్గుపడకండి. మీ కాలేజీ సీనియర్లు కంపెనీల్లో ఉన్నారు. కాని "అన్నా ఏదన్నా జాబ్ ఉంటే చెప్పు" అని మెసేజ్ పెడితే ఆ అన్న ఏం చేయగలడు? వాళ్ళ కంపెనీ వెబ్‌సైట్‌లో ఖాళీ మీరే వెతికి, ఆ జాబ్ ఐడీ పెట్టి, రెజ్యూమె జత చేసి, "అన్నా, ఈ పోస్టుకు నేను సరిపోతాననుకుంటున్నాను, ఎందుకంటే ఇది చేశాను, వీలైతే రిఫర్ చేస్తారా" అని నాలుగు లైన్లు రాయండి. అతను చేయాల్సిన పని రెండు నిమిషాలకు తగ్గిపోతుంది, అప్పుడు చాలామంది చేస్తారు.

ఆప్టిట్యూడ్ టెస్టుల గురించి ఎక్కువ చెప్పను. శాతాలు, నిష్పత్తులు, కాలం-పని, కాలం-దూరం, ఇవి మీరు స్కూల్లో చేసినవే, రోజుకు ఒక గంట గడియారం పెట్టుకుని చేయండి. చాలామంది ఇంటర్వ్యూ దాకా రాకుండా ఇక్కడే ఆగిపోతున్నారు.

ఇప్పుడు నేను కాస్త గట్టిగా మాట్లాడాల్సిన విషయం. బ్యాక్‌డోర్ ఉద్యోగాలు. రెండు లక్షలు కడితే ఉద్యోగం, సగం ముందు, సగం ఆఫర్ లెటర్ వచ్చాక. పొలం కుదువపెట్టి, అమ్మ పుస్తెలతాడు కుదువపెట్టి కట్టినవాళ్ళు ఉన్నారు. లెటర్ వస్తుంది, ఆఫీసు కూడా ఉంటుంది, రెండు నెలలు ట్రైనింగ్ పేరుతో కూర్చోబెడతారు, ఒక రోజు పొద్దున వెళ్తే తాళం వేసి ఉంటుంది. నిజమైన కంపెనీ ఏదీ ఉద్యోగానికి డబ్బు అడగదు. రిజిస్ట్రేషన్ ఫీజు అని, ల్యాప్‌టాప్ డిపాజిట్ అని, ట్రైనింగ్ ఛార్జీ అని, ఏ పేరుతో అడిగినా లేచి వచ్చేయండి. ఆన్‌లైన్‌లో కట్టేసి మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. పరువు పోతుందని దాచుకోవద్దు.

మన వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్ళినవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉన్నారు కాబట్టి ఇది కూడా చెప్తాను. ఈ మధ్య ఏళ్ళలో కంబోడియా, మయన్మార్ దేశాల్లో డేటా ఎంట్రీ ఉద్యోగం అని చెప్పి చదువుకున్న తెలుగు పిల్లలను తీసుకెళ్ళి, పాస్‌పోర్టులు లాక్కుని, వాళ్ళచేత సైబర్ మోసాలు చేయించారు. 2024లో విశాఖపట్నం పోలీసులు ఇలాంటి ఏజెంట్లను అరెస్టు చేశారు. ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉందో లేదో చూడండి. రిజిస్టర్ అయిన ఏజెంటు తీసుకోదగ్గ సర్వీస్ ఛార్జీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకుమించి లేదు. విజిట్ వీసా మీద వెళ్ళు, అక్కడ మారుస్తాం అంటే అస్సలు వెళ్ళొద్దు.

దొంగ ఎక్స్‌పీరియన్స్ ఇంకొకటి. ఫ్రెషర్లకు ఉద్యోగాలు లేవు, మూడేళ్ళ అనుభవం పెట్టుకో, కాగితాలు మేమిస్తాం అంటారు. ఉద్యోగంలో చేరాక బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ జరుగుతుంది. ఉద్యోగికి ఇచ్చే పీఎఫ్ ఖాతా నంబరు యూఏఎన్‌లో ఏ కంపెనీలో ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానేశారో ఉంటుంది. ఆరు నెలలు బాగా పనిచేసి, టీమ్‌లో మంచి పేరు తెచ్చుకుని, ఆ తర్వాత ఒక మెయిల్‌తో ఒక్క రోజులో బయటికి వెళ్ళిన పిల్లలను చూశాను. వాళ్ళు పనికిరానివాళ్ళు కారు, ఫ్రెషర్‌గా వచ్చినా నిలబడగలిగినవాళ్ళే. అది తలచుకుంటేనే కడుపు తరుక్కుపోతుంది.

ఆఫర్ వచ్చాక జీతం లెక్క చూసుకోండి. ఏడాదికి 3.6 లక్షల ప్యాకేజీ అంటే నెలకు 30,000 చేతికొస్తుందనుకుని రూమ్ అద్దెలు, ఇంటికి పంపేవి లెక్కవేసుకుంటారు. బేసిక్ 15,000 అనుకోండి. కంపెనీ కట్టే పీఎఫ్ 1,800 ఆ ప్యాకేజీలోనే ఉంటుంది, మీ జీతం నుంచి ఇంకో 1,800 పోతుంది, గ్రాట్యుటీ పేరుతో 700 పైచిలుకు చూపిస్తారు, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200. అంటే 25,500కు కొంచెం తక్కువ. అందులో వేరియబుల్ పే (పనితీరును బట్టి ఇచ్చేది), ఇన్సూరెన్స్ ఉంటే ఇంకా తగ్గుతుంది. పీఎఫ్ మీ డబ్బే, పోయింది కాదు, కాని నెలాఖరులో చేతిలో ఉండదు. బాండ్ ఉంటే ఎన్నేళ్ళు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, చదివాకే సంతకం పెట్టండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి వెనక్కి తెచ్చుకోండి, ఎవరి దగ్గరా ఉంచొద్దు.

అమ్మాయిలకు ఒక మాట. "పెళ్ళి ఎప్పుడు చేసుకుంటారు? పెళ్ళయ్యాక మానేస్తారా?" అని ఇప్పటికీ కొన్ని చోట్ల అడుగుతున్నారు. అడగకూడని ప్రశ్న అది. అయినా అడిగితే కంగారుపడకండి, నేలచూపులు చూడకండి. "నేను ఉద్యోగం చేయాలనుకునే వచ్చాను సార్, ఈ పని గురించి అడగండి చెప్తాను" అనండి చాలు. రాత్రి షిఫ్టులు ఉంటాయా, క్యాబ్ ఇస్తారా అని మీరు అడగడం మాత్రం తప్పేమీ కాదు, తప్పకుండా అడగండి. ఇంట్లో హైదరాబాద్ పంపం అంటే, హాస్టల్ ఎక్కడ, ఆఫీసుకు ఎంత దూరం, ఎవరు తోడున్నారు, ఈ వివరాలు ముందే సేకరించి నాన్న ముందు పెట్టండి. భయం చాలావరకు తెలియకపోవడం వల్లే వస్తుంది.

సరే, ఇక మీరు అడగండి.

(ఒక విద్యార్థి: మేడమ్, నాకు రెండు బ్యాక్‌లాగ్స్ ఉన్నాయి. అప్లై చేయొచ్చా?)

చాలా కంపెనీలు చేరే నాటికి బ్యాక్‌లాగ్ ఉండకూడదంటాయి, కొన్ని అప్లై చేసేటప్పుడే ఉండకూడదంటాయి. రూల్ చదివి అప్లై చేయండి, ఉన్నవి లేవని రాయకండి. సప్లీ ముందు క్లియర్ చేసుకోండి తమ్ముడూ, అదే మొదటి పని. ఎందుకు పోయిందని అడిగితే ఉన్నది ఉన్నట్టు ఒక వాక్యంలో చెప్పి, తర్వాత ఆ సబ్జెక్టులో ఒక ప్రశ్న అడగమనండి.

(ఒక విద్యార్థిని: మా అక్క గ్రూప్స్ ప్రిపరేషన్‌లో మూడేళ్ళు గడిపింది. ఇప్పుడు ప్రైవేటు ఉద్యోగం చూస్తోంది. గ్యాప్ గురించి ఏం చెప్పాలి?)

జరిగిందే చెప్పాలి. మన రాష్ట్రంలో నోటిఫికేషన్ల కోసం ఏళ్ళు ఎదురుచూసినవాళ్ళు వేలల్లో ఉన్నారు, అది ఇంటర్వ్యూ చేసేవాళ్ళకు కొత్త సంగతి కాదు. రెజ్యూమెలో ఆ ఏళ్ళను దాచకుండా ఒక లైనులో రాయమనండి. మమ్మల్ని ఆలోచనలో పడేసేది గ్యాప్ ఒక్కటే కాదమ్మా, చదివిన సబ్జెక్టు మొత్తం మరిచిపోయిందేమో అన్న అనుమానం. ఈ రెండు మూడు నెలల్లో ఏదైనా ఒకటి నేర్చుకుని, దాంతో ఒక చిన్న పని చేసి చూపిస్తే ఆ అనుమానం పోతుంది. గ్రూప్స్ చదివినవాళ్ళకు గంటల తరబడి కూర్చుని చదివే ఓపిక ఉంటుంది, అది చాలామందికి లేనిది. అక్కను ధైర్యంగా ఉండమని చెప్పు.

(ఇంకో విద్యార్థి: ఎన్నిసార్లు రిజెక్ట్ అయినా కారణం చెప్పడం లేదు మేడమ్.)

నిజమే, చాలా కంపెనీలు చెప్పవు, అది నాకూ నచ్చదు. అందుకే మీరే రాసుకోవాలి. ఇంటర్వ్యూ అయి బయటికి రాగానే, బస్సు ఎక్కకముందే, అడిగిన ప్రశ్నలన్నీ ఫోన్‌లో రాసుకో. ఎక్కడ ఆగావో అక్కడ గుర్తు పెట్టుకో. రెండు మూడు ఇంటర్వ్యూలు అయ్యేసరికి ఒకే రకం ప్రశ్న దగ్గర మళ్ళీ మళ్ళీ ఆగుతున్నావని నీకే కనిపిస్తుంది. నీ ఫ్రెండ్స్ రాసుకున్నవీ కలిపితే మీ అందరికీ ఒక మంచి ప్రశ్నల పుస్తకం తయారవుతుంది.

టైము అయిపోయిందని సార్ సైగ చేస్తున్నారు. భోజనం తర్వాత రెండు గంటల నుంచి పక్క గదిలో ఉంటాను. మాక్ ఇంటర్వ్యూ కావాల్సినవాళ్ళు రెజ్యూమె ప్రింట్ తీసుకుని రండి, అయిదు నిమిషాలు మాట్లాడలేని మాటలను పెన్నుతో కొట్టేసి తీసుకురండి. మొదలు తెలుగులోనే పెడదాం.